రాత్రికి మళ్లీ భూకంపం వస్తుందంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: 2024 డిసెంబర్ 4 పొద్దున భూమి కదిలిన దగ్గర్నుంచి ఫోన్ నిండా అవే మెసేజ్‌లు. ఒకరు తీవ్రత 5.3 అంటారు, ఇంకొకరు 6 అంటారు. ఆగస్టులో తాడ్వాయి అడవిలో వేల చెట్లు కూలడం దీనికి సూచనేనట. ఈ రాత్రికి ఇంకా పెద్దది వస్తుందని ఓ వాయిస్ మెసేజ్ తిరుగుతోంది. మా అత్తమ్మ రెండు రాత్రులుగా చలిలో వాకిట్లోనే పడుకుంటోంది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, ములుగు జిల్లా

జవాబు: అమ్మా, ఆ పొద్దున 7.27కి నేను హనుమకొండలో చాయ్ పెడుతున్నాను. స్టాండులో స్టీలు గ్లాసులు వాటంతటవే గలగలమన్నాయి. పిల్లి దూకిందేమో అనుకున్నాను. బిందెలో నీళ్లు వణకడం చూశాక గుండె ఝల్లుమంది. కాబట్టి మీ అత్తమ్మ భయం నాకు తెలుసు.

ముందు ఆ వాయిస్ సంగతి. మీ ఉత్తరం చేరేసరికే ఆ రాత్రి దాటిపోయింది. అదే వాయిస్ నిన్న కూడా నాకు వచ్చింది! మళ్లీ వినండి, అందులో తేదీ లేదు, 'ఈ రాత్రి' అని మాత్రమే ఉంది. అందుకే ఎవరు ఏ రోజు ఫార్వర్డ్ చేస్తే ఆ రాత్రే గండం. పెద్ద భూకంపం తర్వాత చిన్నవి రావచ్చు. కానీ ఫలానా రోజు, ఫలానా గంటకు వస్తుందని ముందే చెప్పగలిగే విద్య ఇప్పటికి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.

అంకెల విషయానికొస్తే, జాతీయ భూకంప కేంద్రం ప్రకటించింది 5.3, లోతు 40 కిలోమీటర్లు. వేరే దేశాల సంస్థల లెక్కలో కాస్త తేడా ఉండొచ్చు. కానీ 6 అంటే కాస్త తేడా కాదు, దాదాపు పదకొండు రెట్ల శక్తి. ఆ కేంద్రం వాళ్ల 'భూకంప్' యాప్ ఫోన్‌లో వేసుకోండి, తేదీ, సమయం, చోటు అన్నీ అందులోనే కనిపిస్తాయి.

చెట్లను కూల్చింది పెనుగాలి. గాలి పైన, భూకంపం నేల లోపల. మన గోదావరి లోయ అడుగున రాతి పొరల్లో పాత పగుళ్లున్నాయి. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర కూడా ఇలాగే కదిలింది.

అత్తమ్మ మంచం ఇవాళే లోపల వేయించండి. తల వైపు అటక మీద ఇత్తడి బిందెలేమైనా ఉంటే మాత్రం ముందు వాటిని దించి కింద పెట్టండి.