గుండుమల్లె గుబురుగా ఉంది, మొగ్గ మాత్రం లేదు. ఉగాదికి పూస్తుందా?

నెల్లూరులో మేడ మీద కుండీల్లో గుండుమల్లె, ఆకు ముదురుపచ్చగా ఉంది, శివరాత్రి వచ్చేసినా ఒక్క మొగ్గ లేదు, పైగా పక్కింటి మామిడి కొమ్మ కిందున్న కుండీలో ఆకులకి జిగురు పట్టి మసి పూసినట్టుంది, ఏం ఎరువు వేయాలి అని కదా మీరు అడిగింది. ఎరువు సంగతి తర్వాత చూద్దాం, ముందు కత్తెర తీయండి.

మాది కావలి. పెళ్లయి వచ్చిన కొత్తలో మల్లెకి కత్తెర వేయడం మా అత్తగారు నేర్పించారు, అప్పటినుంచి డాబా మీద పెంచుతూనే ఉన్నాను. గుండుమల్లె పూసేది కొత్త చిగురు కొనలోనే. పాత కొమ్మ ఎంత గుబురుగా ఉన్నా అది ఆకుని మోస్తుంది గానీ పువ్వు ఇవ్వదు. మీ చెట్టు ఆరోగ్యంగానే ఉంది, దానికి కొత్త కొమ్మ వేయాల్సిన అవసరం రాలేదు, అంతే.

ఇక్కడ మన వాతావరణం సంగతి కూడా చెప్పాలి. యూట్యూబ్‌లో చాలామంది నవంబరులోనే కత్తిరించమంటారు. మనకి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన, మధ్యలో వాయుగుండాలు, కుండీ మట్టి ఆరనే ఆరదు. ఆ తడిలో కత్తిరిస్తే చిగురు లేతగా, పొడుగ్గా సాగుతుంది, పువ్వు రాదు. అందుకే నేను సంక్రాంతి దాటేదాకా ముట్టుకోను. పండగ అయ్యాక 10, 15 రోజులు నీళ్లు బాగా తగ్గించి, ఆకు కాస్త వాడి పసుపు తిరిగాక కత్తెర వేస్తాను. మీకు ఆ టైం దాటిపోయినా నష్టమేమీ లేదు. ఇప్పుడు ఒక వారం నీళ్లు ఆపి కత్తిరించండి. మల్లెకి ఎండ ముదిరేకొద్దీ ఊపొస్తుంది.

కొమ్మలన్నీ మోకాలెత్తుకి తగ్గించేయండి. ఎండినవి, పెన్సిల్‌కన్నా సన్నగా మెలికలు తిరిగినవి మొదలుకి తీసేయండి. తర్వాత మిగిలిన ప్రతి ఆకూ తుంచేయాలి, చాలామంది మనసొప్పక ఇక్కడే ఆగిపోతారు. మోడులా కనిపిస్తుంది, కంగారు పడకండి. పై మట్టి రెండు వేళ్ల లోతు గుల్ల చేసి ఒక రోజు ఎండనివ్వండి, మొగ్గ తొలిచే పురుగు గూళ్లు ఆ మట్టిలోనే ఉంటాయి. అప్పుడు రెండు గుప్పెళ్లు మాగిన పశువుల ఎరువు, ఒక గుప్పెడు వేపపిండి కలిపి, అడుగు రంధ్రంలోంచి కారేదాకా నీళ్లు పోయండి. యూరియా మాత్రం వద్దు, అది ఆకునే పెంచుతుంది.

పది పన్నెండు రోజులకి కణుపుల దగ్గర చిగుళ్లు లేస్తాయి. వాటి కొనల్ని దగ్గరగా చూడండి. చివరి రెండు ఆకుల మధ్య సూదుల్లాంటి సన్నటి పచ్చటి రేకులు గుత్తిగా కనిపిస్తే అది మొగ్గే. చాలాసార్లు మూడు మొగ్గలు కలిసి వస్తాయి, నడిమిది ముందు పూస్తుంది, పక్కవి రెండు దాని వెనక. మొత్తం మీద కత్తిరించిన నెల నుంచి నెలన్నరలో పువ్వు కోసుకోవచ్చు. శివరాత్రికీ ఉగాదికీ మధ్య నెల పైచిలుకే, అందులో వారం నీళ్లు ఆపడానికే పోతుంది కాబట్టి ఉగాదికి మొగ్గలు కనిపించవచ్చు గానీ, కోసుకునే తొలి పూలు, దేవుడికి పెట్టుకునేన్ని, ఉగాది దాటాకే. జడలోకి మూరలు మూరలు కావాలంటే శ్రీరామనవమి దాటాలి. ఇదంతా ఎండ మీద ఆధారపడి ఉంటుంది. రోజుకి ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలకపోతే కత్తెర వేసీ లాభం లేదు, కాబట్టి మామిడి కింద కుండీని అక్కణ్నుంచి జరపండి.

ఆ జిగురు మల్లెకొచ్చిన తెగులు కాదు. మామిడి పూత మీద తేనెమంచు పురుగు చేరి రసం పీల్చి తియ్యటి జిగురు కారుస్తుంది, అది కింద ఆకుల మీద పడి దానిపై నల్లటి బూజు పెరుగుతుంది. మీరు ఎలాగూ ఆకంతా తీసేస్తున్నారు కాబట్టి దానితో పాటే పోతుంది. పక్కింటివాళ్లు మందు కొడతామంటే పూత నిండుగా విచ్చుకున్నప్పుడు వద్దని చెప్పండి, పూత వాసనకి వచ్చే తేనెటీగలు చచ్చిపోతే వాళ్ల కాయే తగ్గుతుంది.

మొగ్గ వచ్చాక కొన్ని ఊదారంగుకి తిరిగి చిన్న రంధ్రంతో కనిపిస్తే తొలిచే పురుగు పడినట్టు. వాటిని కోసి దూరంగా పారేయండి, లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కలు సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి.

నీళ్ల గురించి ఒక్క మాట. మాకు సముద్రం దగ్గర కాబట్టి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, కుండీ అంచున తెల్లటి పొర కట్టి ఆకు అంచులు మాడతాయి. మీకూ అలా ఉంటే అప్పుడప్పుడూ కొళాయి నీళ్లు ఎక్కువగా పోసి ఆ ఉప్పుని కిందికి కడిగేయండి.

చిగుళ్లు లేచాక కొనల ఫోటో దగ్గరగా తీసి ఇక్కడే పెట్టండి, మొగ్గో ఉత్త చిగురో చూసి చెప్తాను.