అమెరికా డీఓ డిగ్రీ వేరే దేశాల్లో చెల్లుతుందా?

అమెరికాలో డీఓ, అంటే డాక్టర్ ఆఫ్ ఆస్టియోపతిక్ మెడిసిన్, పూర్తి స్థాయి డాక్టరే. మందులు రాయడానికైనా, సర్జరీ చేయడానికైనా 50 రాష్ట్రాల్లోనూ ఎండీతో (అక్కడి మామూలు డాక్టరు డిగ్రీ) సమానమైన హక్కులుంటాయి. అక్కడ స్థిరపడిన మనవాళ్లు కొందరు పిల్లలకు డీఓ సీటు వస్తే తక్కువ రకం చదువేమోనని బెంగపడతారు. ఆ బెంగ అనవసరం.

డిగ్రీ, ఎంక్యాట్ (మెడికల్ కాలేజీ ప్రవేశ పరీక్ష) అయ్యాక నాలుగేళ్ల మెడికల్ కాలేజీ. అదనంగా కండరాలను, కీళ్లను చేతులతో పరీక్షించి చికిత్స చేసే పద్ధతిలో సుమారు 200 గంటల శిక్షణ ఉంటుంది. లైసెన్సు పరీక్ష కామ్‌లెక్స్, మూడు అంచెల్లో. కొన్ని రెసిడెన్సీ (చదువయ్యాక ఆసుపత్రిలో స్పెషాలిటీ శిక్షణ) ప్రోగ్రాములు ఎండీలు రాసే లైసెన్సు పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా అడుగుతాయి కాబట్టి చాలామంది రెండూ రాస్తారు. ఆపై కనీసం మూడేళ్ల రెసిడెన్సీ. 2020 నుంచి ఎండీలకూ డీఓలకూ రెసిడెన్సీ గుర్తింపు వ్యవస్థ ఒక్కటే, ఏసీజీఎంఈ.

చిక్కంతా దేశం దాటాకే. పేరు డీఓకు దగ్గరగా ఉన్నా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో చదివిన ఆస్టియోపాత్‌లు డాక్టర్లు కారు. చేతి చికిత్స చేస్తారు, మందులు రాయలేరు. బ్రిటన్‌లో వాళ్ల రిజిస్టర్ జనరల్ ఆస్టియోపతిక్ కౌన్సిల్ దగ్గర, డాక్టర్లది జనరల్ మెడికల్ కౌన్సిల్ దగ్గర. అమెరికా డీఓ డాక్టరుగా పనిచేయాలంటే రెండోదానికే దరఖాస్తు చేయాలి. ఈ తేడా తెలియని చోట ఫైలు ఆగిపోతుంది. అందుకే డిగ్రీ ఒక్కటే పంపకండి. రాష్ట్ర లైసెన్సు, రెసిడెన్సీ పూర్తి చేసిన పత్రం, స్పెషాలిటీ బోర్డు సర్టిఫికెట్, క్రమశిక్షణ చర్యలేవీ లేవని రాష్ట్ర మెడికల్ బోర్డు ఇచ్చే లేఖ జతచేయండి. ఉద్యోగం ఒప్పుకోకముందే ఆ దేశపు కౌన్సిల్ నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

విదేశీ ఆస్టియోపాత్‌కు మాత్రం అమెరికాలో డీఓ లైసెన్సు రాదు. అక్కడి కాలేజీలో చదవాల్సిందే.