చింతపండు తగలనివ్వకు

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

బరంపురంలో ఉద్యోగం చేసుకుంటూనే అరిగిపోయిన పాత నాణేలు సేకరించాలనుకుంటున్నావని మీ నాన్న చెప్పగా విన్నాను. ఆ పిచ్చి మన ఇంట్లో మళ్ళీ ఒకరికి పుట్టినందుకు సంతోషించాను కాని, రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తాలి, విడివిడిగా కాగితపు పొట్లాలలో దాచాలి. మట్టిలో దొరికిందంటూ ఎవరైనా తెస్తే ముట్టుకోవద్దు, దానికి 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఉంది. పాత నాణేనికి లక్షలిస్తామంటూ ముందుగా రుసుము అడిగేవాళ్ళకు చిల్లుకాణీ కూడా పంపకు. రిజర్వు బ్యాంకు 2021లోనే ఇలాంటి మోసాల గురించి హెచ్చరించింది.

ఇక నా భయం, నీవూ నాణేలను తోముతావేమోనని. నాకు పదిహేనేళ్ళప్పుడు మా నాయనమ్మ కొంగుముడిలో 1835 నాటి ఈస్టిండియా కంపెనీ కాణీ, అంటే పావు అణా, ఒకటి ఉండేది. 1957లో నయాపైసలు వచ్చి అణాల లెక్క పోయినా ఆమె దాన్ని వదలలేదు. ముదురు బెల్లం రంగు, ముఖాలు చెరిగిపోయిన రెండు సింహాలు, సంవత్సరంలో చివరి అంకె సగం. దసరాకు ఇత్తడి సామాను తోముతూ, ఆమెను మెప్పిద్దామని దాన్నీ చింతపండు, బూడిద వేసి రుద్దాను. కొత్త చెంబులా ఎర్రగా మెరిసింది. చూపు మందగించిన నాయనమ్మ దాన్ని బొటనవేలితో రెండుసార్లు తడిమి, "ఇది నాది కాదురా, నాదేది?" అని అడిగింది. మళ్ళీ కొంగున ముడి వేసుకోలేదు.

తరువాత బరంపురంలో ఒక వ్యాపారి దాన్ని దీపం వెలుగులో వాల్చి చూసి, తోమేశారని ఒక్క మాట అని తిరిగి ఇచ్చేశాడు. 1835 కాణీలు లెక్కలేనన్ని ముద్రించారు కనుక అందులో పోయిన డబ్బు పెద్దగా లేదు. కాని అతను ఎలా కనిపెట్టాడో నీవు తెలుసుకోవాలి. చేతులు మారి అరిగిన నాణెంలో ఎత్తుగా ఉన్న చోట్లు, అంటే రాణి చెంప, జడ, సింహం నుదురు, ముందుగా నునుపవుతాయి. అక్షరాల మధ్య పల్లంలో పాత రంగు అలాగే నిలుస్తుంది. పులుపు ఆ పల్లంలోకీ దిగి రంగును తినేస్తుంది, బూడిద అక్కడ సన్నని గీతలు మిగులుస్తుంది. అందుచేత ముఖం చెరిగిపోయిందని వద్దనుకోకు, పల్లం చూడు.

విక్టోరియా రూపాయి మీద 1862 కనిపించినా తొందరపడి ఆ ఏటిదే అనుకోకు, 1874 వరకు అదే సంవత్సరం వేశారు. కొత్తదాని తూకం 11.66 గ్రాములు; అరిగినది అంతకంటే కొంచెం తగ్గడం సహజమే, మరీ తగ్గితే అనుమానించు. త్రాసు కొనడానికి మాత్రం పిసినారితనం చూపకు, డబ్బు నేను పంపుతాను.

నాయనమ్మ కాణీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇన్నేళ్ళకు మచ్చలు మచ్చలుగా మళ్ళీ నల్లబడుతోంది. దసరాకు వచ్చినప్పుడు నీకు ఇస్తాను.

నీ పెదనాన్న