‘గజదొంగ’లో ఏనుగు ఉందా?

సందేహం: గజదొంగ, గజ ఈతగాడు, గజమాల – వీటిలో ‘గజ’ అంటే ఏనుగేనా? దొంగకూ ఏనుగుకూ పొత్తేమిటి? ‘గజగజ’ వణకడంలోనూ, గజాల లెక్కన అమ్మే స్థలంలోనూ ఉన్నది అదేనా?

సమాధానం: మొదటి మూడింటిలో ఉన్నది ఏనుగే. గజదొంగ ఏనుగుల్ని ఎత్తుకుపోయేవాడు కాడు, దొంగతనంలో ఆరితేరి పేరుమోసినవాడు. వరదలో గల్లంతైనవారిని గాలించడానికీ, పుష్కర ఘాట్ల దగ్గర కాపలాకూ పిలిపించే గజ ఈతగాళ్లు భారీకాయులు కానక్కరలేదు, ఈతలో దిట్టలైతే చాలు. గజమాలకు వచ్చేసరికి నేర్పు ప్రసక్తి లేదు. సభల్లో క్రేనుతో ఎత్తి వేసే ఆ దండకు పేరు తెచ్చింది దాని కొలతే. మనిషిని చెప్పే మాటకు ముందు చేరితే ‘గజ’ ఆరితేరినతనాన్ని, వస్తువుకు ముందు చేరితే పరిమాణాన్ని చెబుతోందన్నమాట.

సంస్కృతంలో పద్ధతి వేరు. వ్యాఘ్ర, పుంగవ, ఋషభ, కుంజర, సింహ, శార్దూల, నాగ వంటి మాటలు సమాసం చివర చేరితే శ్రేష్ఠత్వాన్ని చెబుతాయని సంస్కృత నిఘంటువైన అమరకోశం అంటుంది. నరకుంజరుడంటే నరులలో శ్రేష్ఠుడు. అది పొగడ్త, దొంగకు తగదు. తెలుగువాళ్లు ఏనుగును సమాసం ముందుకు తెచ్చారు. దాంతో పొగడ్త పోయి మోతాదు మిగిలింది, దొంగకూ అతికింది. ఈ మార్పు నాకు ఎంతో ముచ్చటగా తోస్తుంది.

మొక్కల పేర్లలో మాత్రం సంస్కృతంలోనూ ఏనుగు ముందే ఉంటుంది: పిప్పలి కంటే లావుపాటిది గజపిప్పలి. మనకు గజనిమ్మ ఉంది, అచ్చ తెలుగులో ఏనుగుపల్లేరూ ఉంది. మామూలు పల్లేరు ఆకు చింతాకులా చిన్న చిన్న రెబ్బలుగా ఉండి, తీగ నేలబారుగా పాకుతుంది. ఏనుగుపల్లేరు ఆకు వెడల్పు, కాయ పెద్దది. నాలుగు పలకల ఆ కాయకు మొదలు దగ్గర పలకకొక ముల్లు. దాని పచ్చి రెమ్మను నీళ్లలో తిప్పితే నీళ్లు జిగురుగా చిక్కబడతాయి. చెట్ల మందులు తెలిసినవారు ఈ రెంటినీ వేరుగానే చూస్తారు కాబట్టి, రాసేవారు వట్టి ‘పల్లేరు’ అని వదిలేస్తే పొరపాటు జరుగుతుంది.

రాతలో జాగ్రత్తలు. ‘గజేంద్రుడు’ ఉంది కదా అని ‘గజేతగాడు’ అనకూడదు. రెండూ సంస్కృత పదాలైతేనే గుణసంధి, ‘ఈత’ తెలుగు మాట. ‘గజ ఈతగాడు’ అని విడిగా రాస్తేనే చదవడానికి సుఖం. స్త్రీ అయితే గజ ఈతగత్తె. ‘పెద్ద గజదొంగ’లో ‘పెద్ద’ దండగ. సెల్‌ఫోను కొట్టేసి మొదటిసారి దొరికిన కుర్రాణ్ణి గజదొంగ అని వార్త రాయడం అన్యాయం. పెద్దమనిషి వేషంలో తిరుగుతూ దోచేవాడు ఘరానాదొంగ. ఈ రెండూ ఒకటి కావు. పైగా ఈ ‘గజ’ ఏ మాటకు పడితే ఆ మాటకు అంటుకోదు. గజవంటవాడు, గజఇల్లు అనం.

‘గజగజ’లో ఏనుగు లేదు. గడగడ, వడవడల్లాగే అదీ వణుకుకు అనుకరణం. స్థలం కొలిచే గజం ఫారసీ ‘గజ్’ నుంచి వచ్చింది, పొడవు 3 అడుగులు. చదరపు గజానికి 9 చదరపు అడుగులు కాబట్టి 200 గజాల స్థలమంటే 1,800 చదరపు అడుగులు.