జిమ్ బాడీకి గౌను నప్పుతుందా? నప్పుతుంది, కాకపోతే వీపు కొలతతో మొదలుపెట్టాలి

మీ ప్రశ్న చదువుతుంటే పదేళ్ల కిందట నేను రాసుకున్నదేనేమో అనిపించింది. మీరు మగవారు, ఆరేళ్లుగా బరువులు ఎత్తుతున్నారు, భుజాలు వెడల్పు, నడుం సన్నం, ఆడవాళ్ల బట్టలు వేసుకోవడం ఇష్టం. కానీ ఏది వేసుకున్నా "పహిల్వాన్‌కి గౌను తొడిగినట్టు" ఉంటోందని, ఏం కొనాలో చెప్పమని, చివర్లో జిమ్ మానేస్తే మేలా అని కూడా అడిగారు. ఆ చివరిదానికి జవాబు చివర్లోనే చెప్తాను.

నా కొలతలు ముందు చెప్పేస్తాను. ఛాతీ 44 అంగుళాలు, నడుము 34, తుంటి 38. కథంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది. ఆడవాళ్ల రెడీమేడ్ బట్టలు తుంటి కొలత ఛాతీ కంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువ ఉంటుందన్న లెక్కతో కోస్తారు. మన లెక్క పూర్తిగా తిరగబడింది. అందుకే ఛాతీకి పట్టిన సైజు కింద గోనెసంచిలా వేలాడుతుంది, నడుముకి సరిపోయిన సైజు వీపు దాటి కిందికే దిగదు.

ఇది నేను తెలుసుకున్న తీరు చెప్తే నవ్వుతారు. మొదటిసారి కొన్నది నల్ల శాటిన్ గౌను, సాగని గుడ్డ. ఛాతీ కొలత చూసుకునే కొన్నాను. తలమీంచి వేసుకున్నప్పుడు ఎలాగో దిగింది. విప్పేటప్పుడు మాత్రం చేతులు రెండూ పైకెత్తి, గుడ్డ ముఖం మీదుండగా, వీపు కండల దగ్గర బిగుసుకుపోయింది. పైకీ రాదు, కిందికీ పోదు. కాసేపు ఆ నల్లటి చీకట్లో అలాగే నిలబడ్డాను. చివరికి ఊపిరంతా వదిలేసి లాగితే చంక దగ్గర టర్రుమని కుట్టు పోయింది. ఛాతీ కొలత ఒప్పే, వీపు కొలత ఎవరు తీసుకున్నారు?

కాబట్టి టేపు తీసుకుని ముందు వీపు కొలవండి. చేతులు ముందుకి చాపి, ఒక చంక వెనక నుంచి రెండో చంక వెనకదాకా. తర్వాత జబ్బ చుట్టుకొలత, కండ బిగించి ఒకసారి, వదిలేసి ఒకసారి. మామూలు ఛాతీ, నడుము, తుంటి ఎలాగూ ఉంటాయి. జిమ్ నుంచి వచ్చిన వెంటనే మాత్రం కొలవకండి. కండల్లోకి రక్తం చేరి ఉబ్బి ఉంటాయి, కొలత ఎక్కువ చూపిస్తుంది. నేనోసారి అలా కొలిచి జబ్బల దగ్గర వదులైన జాకెట్ తెచ్చుకున్నాను.

కొనేటప్పుడు నా సూత్రం ఒక్కటే. ఒంట్లో అన్నిటికంటే పెద్ద చోటుకి సరిపడా కొనడం, మిగతాది టైలర్ దగ్గర లోపలికి పట్టించడం. వదులున్న గుడ్డని ఎంతైనా బిగించొచ్చు. బిగుతున్నదాన్ని వదులు చేయాలంటే లోపల మార్జిన్ ఉండాలి, రెడీమేడ్‌లో అది సాధారణంగా ఒక సెంటీమీటరు ఉంటే గొప్ప. సైజు నంబరు చూసి మనసు చిన్నబుచ్చుకోకండి. నంబరు కాలర్ లోపల ఉంటుంది, బయటికి కనిపించదు.

టైలర్ దగ్గరికి వెళ్లడం మొదట్లో పెద్ద టెన్షన్. నేను వెళ్లే పెద్దాయన గౌను విప్పి చూసి "ఎవరికి బాబూ ఇది?" అన్నాడు. చెల్లికని చెబుదామని నోటిదాకా వచ్చింది. "నాకేనండీ" అన్నాను. ఆయన కళ్లజోడు సర్దుకుని, "అయితే చెయ్యెత్తు, చంక చూడాలి" అన్నాడు. అంతే. చెల్లికని చెప్పి ఉంటే ఆ చంక చూసేవాడు కాదు, గౌను మళ్లీ చిరిగేది. అందరు టైలర్లూ ఇలా ఉంటారని నేననను. మీకు ఇబ్బందనిపిస్తే నాటకం వేషానికని చెప్పండి, కొలతలు మాత్రం మీ ఒంటివే ఇవ్వండి.

ఇప్పుడు అసలు విషయం, భుజాలు. మామూలు చొక్కాకి చేతి కుట్టు సరిగ్గా భుజం చివర పడుతుంది. భుజం ఇక్కడిదాకా ఉందహో అని దండోరా వేసే గీత అది. రాగ్లాన్ చేతుల్లో ఆ కుట్టు మెడ దగ్గర మొదలై ఏటవాలుగా చంకలోకి పోతుంది. భుజం ఎక్కడ ముగిసిందో కంటికి అంతుపట్టదు. 1815లో వాటర్లూ యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకున్న బ్రిటిష్ సైనికాధికారి లార్డ్ రాగ్లాన్ పేరు మీద వచ్చిన మాట అది. చెయ్యి లేని మనిషి పేరు ఇంత జబ్బలున్న మనకి అక్కరకు రావడం నాకు ఎప్పుడూ తమాషాగా ఉంటుంది. పైగా చెయ్యెత్తితే రాగ్లాన్ లాగదు, మనలాంటి వీపులకి అదొక వరం.

భుజం చివర ఆగిపోయే బుల్లి చేతులు, బుట్ట చేతులు, భుజం నుంచి భుజం దాకా అడ్డంగా పోయే బోట్ నెక్, భుజాలు బయటికుండే ఆఫ్ షోల్డర్, ఇవన్నీ చూపుని అడ్డంగా నడిపిస్తాయి. మెడ వెనక కట్టే హాల్టర్ ఇంకా మోసం. చూడ్డానికి సన్నగా ఉంటుంది గానీ రెండు భుజాల్నీ పళ్లెంలో పెట్టి చూపిస్తుంది. సన్నటి దారాల్లాంటి పట్టీలు కూడా వద్దు. చేతుల్లేని గౌను ఇష్టమైతే రెండంగుళాల వెడల్పు పట్టీ ఉన్నది వేసుకోండి, బాగానే ఉంటుంది. చేతులుంటే మోచేతి కింద, ముంజేయి సన్నబడే చోట ఆగేవి మేలు. అంచు ఎక్కడ ఆగితే చూపూ అక్కడే ఆగుతుంది.

మెడకీ భుజానికీ మధ్య కండ, మనం ట్రాప్స్ అంటామే, అది పెరిగితే మెడ పొట్టిగా కనిపిస్తుంది. దానికి వీ నెక్కే మందు, లోతుగా ఉంటే మరీ మంచిది. మెడ మూసేసే హై నెక్‌లో నేను తాబేలులా ఉంటానని మా స్నేహితురాలి అభిప్రాయం, నేను కాదనలేదు.

భుజాలు దాచడానికే అన్ని తంటాలూ పడక్కర్లేదు. 1930ల్లో హాలీవుడ్ నటి జోన్ క్రాఫోర్డ్‌కి భుజాలు వెడల్పు. ఆమెకి బట్టలు రూపొందించిన ఏడ్రియన్ వాటిని దాచలేదు, ప్యాడ్లు పెట్టి ఇంకా పెంచాడు. అప్పుడు నడుమూ తుంటీ ఇంకా సన్నగా కనిపించాయి, లోకమంతా ఆ ఫ్యాషన్ వెంటపడింది. భుజాలు బలంగా, కింద నిటారుగా ఉండే కోటూ స్కర్టూ మీకు నచ్చితే ఆ దారీ ఉంది. రెండోది 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ చూపించిన దారి. భుజం గుండ్రంగా మెత్తగా, నడుం బిగుతు, కింద ఘేరు నిండుగా. అందులో బార్ జాకెట్ అనే కోటుకి తుంటి దగ్గర లోపల ప్యాడింగ్ కూడా ఉంది. తుంటి ప్యాడ్లు పెట్టుకుంటే మోసమేమో అని మొహమాటపడేవాళ్లకి ఇది చెబుతుంటాను. నాకు నప్పింది ఈ రెండో దారే.

అంటే పైన ముదురు రంగు, ఒకే రంగు, పని తక్కువ. కింద లేత రంగో పెద్ద పువ్వుల ప్రింటో, కుచ్చులో ఘేరో ఉన్న స్కర్టు. చిన్న చిన్న పూలు పెద్ద ఒంటి మీద పడితే ఒళ్లు ఇంకా పెద్దగా కనిపిస్తుంది, ప్రింటూ మనిషి కొలతలో ఉండాలి. పెన్సిల్ స్కర్టు మొదట్లో పక్కన పెట్టండి. పైనంతా వెడల్పై కింద మొన తేలితే బొంగరం అయిపోతాం.

నడుం ఎక్కడుందో కూడా మనకి తెలియదు. ప్యాంటు కట్టే చోటే నడుమనుకుంటాం. అద్దం ముందు పక్కకి వంగండి, ఒళ్లు మడత పడిన చోటు అసలు నడుం. నాకది బొడ్డుకి అంగుళం పైన. బెల్టు అక్కడికి చేరిన రోజు కాళ్లు ఒక్కసారి పొడవయ్యాయి. ఎదురు మడతేసి పక్కన ముడేసే ర్యాప్ గౌను, 1974లో డిజైనర్ డయాన్ వాన్ ఫర్స్టెన్‌బర్గ్ పేరు మోగించినది, మనకి దాదాపు దగ్గరుండి కుట్టినట్టుంటుంది. వీ నెక్ ఉంది, నడుం ముడి ఉంది, వీపు ఎంతున్నా సర్దుకుంటుంది. చిక్కల్లా ఛాతీ దగ్గర.

మన ఛాతీ కొలత వెడల్పు వల్ల వచ్చింది, ముందుకి పొడుచుకొచ్చి కాదు. అందుకే డార్ట్‌లు, అంటే రొమ్ము ఉబ్బుకి చోటిచ్చేలా మడిచి వేసే కుట్లు, ఉన్న గౌన్లలో ఆ చోటు ఖాళీగా నలిగి, పైన పటారం లోన లొటారం అన్నట్టుంటుంది. లోపల ప్యాడెడ్ బ్రా కావాలి. బ్రా పట్టీ సైజు ఛాతీది కాదు, దాని కింది పక్కటెముకల చుట్టూ కొలతది. వెనక హుక్కులు అందకపోతే ఎక్స్‌టెండర్ ముక్క దొరుకుతుంది. అక్షరం చూసి పెద్ద కప్పుకి ఆశపడకండి. పట్టీ సైజు పెరిగేకొద్దీ అదే అక్షరం కప్పు కూడా పెద్దదవుతుంది, 40బీ అంటే 34బీ కంటే చాలా ఎక్కువ.

ఒంటిని బిగించే లోదుస్తులు, అదే షేప్‌వేర్ మీద మరీ నమ్మకం పెట్టుకోవద్దు. కొవ్వు జరుగుతుంది, కండ జరగదు. రెండు సైజులు చిన్నది వేసుకుంటే ఊపిరాడదు తప్ప నడుం రాదు. తిమ్మిరి, నొప్పి వస్తే వెంటనే విప్పేయాలి.

గుడ్డ సంగతికొస్తే మెరిసేది ఒద్దు. శాటిన్ మీద వెలుగు ప్రతి కండ గట్టు మీదా ఓ గీత గీస్తుంది. పల్చటి జెర్సీ అంటుకుపోతుంది. క్రేప్, విస్కోస్‌లా జారే గుడ్డ, లేకపోతే మందంగా ఉండి సాగే పోంటే నిట్, ఇవి కండ మీదుగా పోతాయి గానీ కండని పట్టుకోవు.

కాళ్లకి 40 డెనియర్ దాటిన టైట్స్ వేస్తే తొడ కండల గీతలు కలిసిపోతాయి. డెనియర్ అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క, అంకె పెరిగితే దళసరి. స్కర్టు అంచు పిక్క ఉబ్బిన చోట ఆగకూడదు, మోకాలి కిందో, చీలమండ పైనో. హీల్స్ ఎత్తు పెరిగేకొద్దీ పిక్క బిగుసుకుని ఇంకా ఉబ్బుతుందని నాకు ఫొటో చూశాకే అర్థమైంది. రెండంగుళాల ఎత్తున్న వెడల్పాటి మడమ చాలు.

ఫొటో అంటే గుర్తొచ్చింది. చెయ్యి చాపి తీసుకునే సెల్ఫీతో బట్టలు బాగున్నాయో లేదో తేల్చకండి. కెమెరాకి దగ్గరున్న భాగం పెద్దదవుతుంది, ఆ దగ్గరున్నది ఎప్పుడూ భుజమే. ఫోన్ ఛాతీ ఎత్తులో నిలబెట్టి, రెండు మూడు మీటర్ల దూరం నుంచి నడుస్తూ వీడియో తీసుకోండి. నేను తిరిగిచ్చేద్దామనుకున్న గౌన్లు రెండు అలా మిగిలాయి.

ఇక జిమ్. మానకండి. నేను ఒక ఏడాది మానేసి చూశాను, భుజం ఎముక వెడల్పు ఎక్కడికీ పోలేదు, నడుం మాత్రం పెరిగింది. మళ్లీ మొదలుపెట్టి భుజాల రోజు, ట్రాప్స్ తగ్గించి, పిరుదుల కండ పెంచే స్క్వాట్లు, హిప్ థ్రస్టులు ఎక్కువ చేశాను. పోయిన నెల నా పాత స్కర్టు నడుం దగ్గర సరిగ్గానే ఉంది, వెనక పిరుదుల దగ్గర పట్టేస్తోంది. తీసుకెళ్తే పెద్దాయన లోపలి మార్జిన్ తిరగేసి చూసి, "ఇన్నాళ్లూ పట్టించుకున్నావ్, ఇప్పుడు వదలమంటావా" అని గొణుగుతూ కుట్టు విప్పడం మొదలుపెట్టాడు.