మత్తు డాక్టరు కులం ఎందుకు అడిగారు?

ప్రశ్న: మా అన్నయ్యకు రెండు నెలల క్రితం అత్యవసరంగా అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. గంటలో అయిపోయింది గానీ, ఆయన తనంతట తాను ఊపిరి తీసుకోవడానికి ఆరు గంటలు పట్టింది. అంతసేపూ వెంటిలేటర్ మీదే ఉంచారు. మధ్యలో కొంతసేపు చుట్టూ ఉన్నవాళ్ల మాటలు వినిపించాయని, కనురెప్ప కూడా ఎత్తలేకపోయానని అన్నయ్య చెబుతున్నాడు. తర్వాత మత్తు డాక్టరు బయటికి వచ్చి "మీరు వైశ్యులా?" అని అడిగారు. అవునంటే తల ఊపి వెళ్లిపోయారు. మా కులంలో ఏదైనా దోషం ఉందా? వచ్చే నెల నాకు పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ ఉంది. మా అమ్మాయిని అన్నయ్య కొడుక్కే ఇవ్వాలని కూడా అనుకుంటున్నాం. - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ఆ డాక్టరు అలా అడగడంలో తప్పు లేదు. తల ఊపి వెళ్లిపోవడమే తప్పు. రెండు నిమిషాలు నిలబడి చెప్పి ఉంటే మీకు రెండు నెలల దిగులు తప్పేది.

ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయాలంటే కండరాలు సడలాలి. కడుపు ఖాళీగా లేని అత్యవసర కేసుల్లో ఇందుకు ఎక్కువగా వాడేది సక్సినైల్‌కోలిన్. ఆపరేషన్ థియేటర్లలో దాన్ని స్కోలిన్ అంటారు. నిమిషంలో పనిచేస్తుంది, ఐదు పది నిమిషాల్లో దిగిపోతుంది. అంత త్వరగా దిగడానికి కారణం మన లివర్ తయారుచేసి రక్తంలోకి వదిలే బ్యుటిరైల్‌కోలినెస్టరేస్ అనే ఎంజైమ్. కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైమ్ పనిచేయదు. అలాంటివారిలో ఐదు నిమిషాల మందు గంటల తరబడి ఉండిపోతుంది. మత్తు వేరు, కండరాల సడలింపు వేరు. మీ అన్నయ్యకు మత్తు దిగింది, కండరాలు మాత్రం లేవలేదు. అందుకే మాటలు వినిపించాయి. ఈ పరిస్థితిని గుర్తించగానే నిద్రమందు కొనసాగిస్తూ, మందు దానంతట అది విరిగేదాకా వెంటిలేటర్ మీద ఉంచాలి. గుర్తించడంలో కాస్త ఆలస్యం జరిగినట్టుంది. ఆ అనుభవం ఆయనకు కలల్లో వస్తున్నా, నిద్ర పట్టకపోయినా మానసిక వైద్యుడికి చూపించండి. అది పిరికితనం కాదు.

ఇక కులం సంగతి. ఈ ఎంజైమ్ లోపం ఆర్యవైశ్యుల్లో మిగతా జనంతో పోలిస్తే సుమారు వంద రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. తెలుగునాట మత్తు వైద్యులకు ఇది పాత సంగతే. దీనిని దోషం అనకండి. స్కోలిన్ లాంటి ఒకటి రెండు మందులు తగలనంతవరకు ఈ లోపం ఉన్నవారు అందరిలాగే ఆరోగ్యంగా ఉంటారు. చాలామందికి తమకు ఇది ఉందని జీవితాంతం తెలియనే తెలియదు.

వైశ్యుల్లోనే ఎందుకంటే, కారణం రక్తంలో లేదు, పెళ్లిళ్లలో ఉంది. ఏ జనసమూహమైనా ఎప్పుడో ఒకప్పుడు కొద్దిమందితో మొదలవుతుంది. ఆ కొద్దిమందిలో ఒకరి జన్యువులో ఏదో చిన్న మార్పు ఉంటుంది. తర్వాతి తరాలు బయటి సంబంధాలు చేసుకుంటే ఆ మార్పు పలుచబడిపోతుంది. లోపల్లోపలే చేసుకుంటే పేరుకుంటుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ బృందంతో కలిసి 2009లో దేశంలోని 25 సమూహాల జన్యువులను పరిశీలించారు. అందులో వైశ్యులు కూడా ఉన్నారు. వారిలో ఈ పేరుకోవడం రెండు వేల ఏళ్ల కంటే పాతదని తేలింది. అంటే అన్ని తరాలుగా బయటి రక్తం దాదాపు కలవలేదు. లక్షల జనాభా ఉన్న కులంలో ఇది జరగదని చాలామంది అనుకుంటారు. కానీ జన్యువుకు ఇవాళ్టి జనాభా లెక్కతో పని లేదు, మొదట్లో ఎంతమంది ఉన్నారన్నదే లెక్క.

ఇది మీ ఒక్క కులం కథ కూడా కాదు. మన దేశంలో నాలుగున్నర వేలకు పైగా సమూహాలున్నాయని మానవశాస్త్ర సర్వే లెక్కవేసింది. 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాల్లో ఈ పేరుకోవడం ఫిన్లండ్ ప్రజల్లో, యూరప్ మూలాలున్న అష్కెనాజీ యూదుల్లో ఉన్నదానికంటే తీవ్రంగా కనిపించింది. జన్యువ్యాధుల పాఠాల్లో తరచూ ఉదాహరణలుగా చెప్పేది ఆ రెండు జాతులనే! సింధీలలో, లోహాణాలలో తలసీమియా అనే రక్తపు జబ్బు ఎక్కువగా ఉండటానికి కూడా పెళ్లిళ్లు లోపల్లోపలే జరగడం ఒక కారణం. మన్యంలోని గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ అనే ఇంకో రక్తపు జబ్బుకు మరో కారణం తోడైంది. ప్రతి జన్యువూ మనకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు ప్రతులుగా వస్తుంది. ఆ జన్యువు ఒక్క ప్రతి ఉన్నవారికి మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది కాబట్టి అడవి ప్రాంతాల్లో అది నిలిచిపోయింది. దాని నిర్మూలనకే కేంద్రం 2023 జులైలో జాతీయ మిషన్ ప్రారంభించింది.

అలాగని కులం అడిగితే జబ్బు తెలిసిపోతుందని అనుకోవద్దు. ఎంవైబీపీసీ3 అనే గుండె జన్యువులో 25 డీఎన్‌ఏ అక్షరాలు ఎగిరిపోయిన మార్పు ఒకటుంది. వయసు మళ్లాక గుండె కండరాన్ని దెబ్బతీసే ముప్పును పెంచుతుంది. అది కులమతాలతో పని లేకుండా ఈ ప్రాంత జనాభాలో నూటికి సుమారు నలుగురిలో ఉంది. స్కోలిన్ సమస్య కూడా వైశ్యులు కానివారిలో రావచ్చు. వైశ్యుల్లో ఎక్కువమందికి అసలు ఉండదు. నన్నడిగితే, వీలున్నచోట కులం అడగడం కంటే ఎంజైమ్ పరీక్ష చేయించడమే మంచిది. అర్ధరాత్రి అత్యవసర కేసులో ఆ వ్యవధి ఉండదు కాబట్టే నోటితో అడుగుతాం.

మీ విషయానికి వద్దాం. ముందు మీ అన్నయ్య అనుమానం తీరాలి. సీరం కోలినెస్టరేస్ అనే మామూలు రక్తపరీక్ష చాలు. ఆ రోజు ప్లాస్మా ఎక్కించారేమో మాత్రం కనుక్కోండి. ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) ఇచ్చినవారి ఎంజైమ్ ఒంట్లో కొన్ని వారాలు ఉండి లెక్క తప్పుగా చూపవచ్చు. ఇంకొక సంగతి, మీ ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. పురుగుమందు తాగినవారికి చేసేది కూడా ఈ పరీక్షే. పుట్టుకతో లోపం ఉన్నవారి రిపోర్టు చూసి విషం తాగారని పొరబడే ప్రమాదం ఉంది. అందుకే లోపం తేలితే ఆ కాగితం ఇంట్లో భద్రంగా ఉంచండి.

జన్యువు రెండు ప్రతులూ చెడితేనే ఈ లోపం వస్తుంది. కాబట్టి మీ అన్నయ్యకు లోపం ఉంటే, తోబుట్టువుగా మీకు ఉండే అవకాశం నాలుగింట ఒక వంతు. మీరు ఈ వారంలోనే పరీక్ష చేయించుకోండి. ఉన్నా సరే, ఆపరేషన్ వాయిదా వేయాల్సిన పని లేదు. స్కోలిన్ బదులు రోక్యురోనియం అనే మరో సడలింపు మందు వాడి, సుగమడెక్స్ అనే విరుగుడుతో దాన్ని దించవచ్చు. పంటి డాక్టరు తిమ్మిరి కోసం ఇచ్చే లిగ్నోకైన్ ఇంజెక్షన్‌కు కూడా భయపడక్కర్లేదు. దాన్ని విరిచేది ఈ ఎంజైమ్ కాదు.

పెళ్లి విషయంలో మాత్రం ఆగి ఆలోచించండి. మీ అన్నయ్యకు లోపం రుజువైతే, ఆయన కొడుకు కచ్చితంగా ఒక ప్రతి మోస్తుంటాడు. మీ అమ్మాయికి మీ నుంచి వచ్చే అవకాశం సగం. ఇద్దరికీ ఉంటే పుట్టే పిల్లల్లో నాలుగింట ఒకరికి ఈ లోపం రావచ్చు. దాని కోసమే అయితే పెళ్లి ఆపమనను, ఎందుకంటే అది ప్రాణం మీదకు రాకుండా ఒక కాగితం కాపాడుతుంది. నా భయం పేరు తెలియని మిగతా మార్పుల గురించి. మీరు గోత్రాలు వేరని చూసుకుని ఉంటారు. గోత్రం తండ్రి వైపు నుంచి మాత్రమే వస్తుంది, జన్యువులు రెండు వైపుల నుంచీ వస్తాయి. మేనమామ కొడుకును చేసుకుంటే, పుట్టే బిడ్డ జన్యువుల్లో పదహారింట ఒక వంతు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివి అయ్యే అవకాశం ఉంది. పుట్టుకతో తీవ్రమైన లోపాలు వచ్చే ముప్పు మామూలుగా నూటికి రెండు మూడు ఉంటే, ఇలాంటి పెళ్లిళ్లలో అది దాదాపు రెట్టింపు అవుతుంది. పై తరాల్లోనూ మేనరికాలు ఉంటే ఇంకా పెరుగుతుంది. కులం లోపలైనా సరే, చుట్టరికం లేని సంబంధం చూడమనే నా సలహా. పిల్లలిద్దరూ ఇష్టపడి ఉంటే మాత్రం ముందుగా జన్యు సలహా నిపుణుడిని కలవండి. మూడు తరాల వంశవృక్షం రాసుకుని వెళ్లండి. చిన్నప్పుడే పోయిన పిల్లలను కూడా అందులో రాయడం మరిచిపోవద్దు.