‘ఆ గల్లీలో ఏముంది నాన్నా?’

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. హైదరాబాద్ చిక్కడపల్లిలో 220 గజాల స్థలం కొని 1987లో ఇల్లు కట్టుకున్నాం. కింద గ్రూప్స్‌కు చదువుకునే అబ్బాయిలు అద్దెకుంటారు, పైన మేమిద్దరం. పొద్దున్నే వెంకటేశ్వరస్వామి గుడి, అక్కడినుంచి టీ కొట్టు, తర్వాత సిటీ సెంట్రల్ లైబ్రరీలో పేపర్లు, సాయంత్రం త్యాగరాయ గానసభలో ఏ కార్యక్రమం ఉంటే అది. ఇదీ నా దినచర్య. పిట్టగోడ దగ్గర నిలబడితే వీధంతా కనిపిస్తుంది. కూరల బండి అతను మొదలు ఇస్త్రీ బండి అతని దాకా అందరూ పలకరిస్తారు. మా అబ్బాయి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తూ నల్లగండ్లలో 14వ అంతస్తులో ఫ్లాటు కొన్నాడు. వచ్చి తనతో ఉండమంటాడు. ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టి మనకు వాటా ఇచ్చేలా డెవలప్‌మెంటుకు ఇద్దామని బిల్డరును కూడా తీసుకొచ్చాడు. అతను అడ్వాన్సు చెక్కు మా ఇంట్లో పెట్టి వెళ్ళాడు. నాకిష్టం లేదంటే ‘ఆ గల్లీలో ఏముంది నాన్నా?’ అన్నాడు మావాడు. ఆ మాటకు నా మనసు విరిగిపోయింది. రెండు నెలలుగా మా మధ్య మాటలు పొడిపొడిగా ఉన్నాయి. దీని వెనుక కోడలు ఉందని నా అనుమానం. పుణెలో ఉన్న అమ్మాయి ‘మీ ఇష్టం’ అంటుంది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, ఆవిడ ఏమీ అనదు. నేనేం చేయాలి?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ బాగా కుదించి ఇచ్చాను. కుదించక ముందు రెండుసార్లు చదివాను, ఎందుకంటే అది సమస్య చెప్పే ఉత్తరంలా కాక మీ పేట మీద రాసిన వ్యాసంలా సాగింది. గానసభ బయట కార్యక్రమం అయ్యాక అరగంటసేపు నిలబడి పాటగాడి శ్రుతి గురించి వాదించుకునే మీ మిత్రబృందం, చిల్లర లేకపోతే ‘రేపివ్వండి సార్’ అనే టీ కొట్టతను, సుదర్శన్ 70 ఎంఎం థియేటర్ కూల్చేసిన రోజుల్లో మీకు కలిగిన బాధ, అన్నీ ఉన్నాయి. మీరు బాగా రాస్తారు. ఆ సంగతి ముందుగా చెప్పాలనిపించింది.

మీ అబ్బాయి అడిగిన ప్రశ్న మొరటుగా ఉన్నా, ప్రశ్నగా తప్పు కాదు. మీరు దానికి జవాబు చెప్పకుండా నొచ్చుకున్నారు. ఆ గల్లీలో ఏముందో నాకు అర్థమైనంత వరకు చెబుతాను. రిటైరైన మనిషికి ఉదయం తొమ్మిదికీ సాయంత్రం ఆరుకీ మధ్య తనకంటూ ఒక చోటు, తనను గుర్తుపట్టే నాలుగు ముఖాలు ఉండాలి. ఉద్యోగం పోగానే ఆ రెండూ ఒకేసారి పోతాయి. చాలామంది మగవాళ్లు అరవై దాటాక ఇంట్లో టీవీ ముందు కూర్చుని, అందరి మీదా విసుక్కుంటూ బతకడానికి కారణం అదే. మీకు ఆ గతి పట్టలేదు. నడిచి వెళ్లేంత దూరంలో లైబ్రరీ, సభ, గుడి, మార్కెట్, డాక్టరు ఉన్నారు కాబట్టి పట్టలేదు. ఎవరూ పిలవకుండా, ఎవరి కారూ అడగకుండా మీ రోజు గడిచిపోతోంది. 14వ అంతస్తులో ఇది దానంతట అది దొరకదు. అక్కడ కిందికి దిగడం కూడా ఒక కార్యక్రమమే. కాబట్టి మీ భయం చాదస్తం కాదు. మీ అబ్బాయికి ఇదే మాట, ఇంత సూటిగా చెప్పండి. ‘పాత ఇల్లు, జ్ఞాపకాలు’ అని మొదలుపెడితే అతను వినడు. జ్ఞాపకాలకు ఫోటోలు తీసి పెడదామంటాడు.

ఇక మీకు నచ్చని సంగతులు.

మీరు వర్ణించిన పేటలో సగం ఇప్పుడు లేదు. మీ ఉత్తరంలోనే ఉంది: ఎదురింటి వాళ్లు నిజాంపేటకు వెళ్ళిపోయారు, పక్కింటి పెద్దాయన పోయాక వాళ్ల ఇల్లు హాస్టలైంది, ఆ పక్కది మెస్సు అయింది. అశోక్‌నగర్, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చుట్టుపక్కలంతా కోచింగ్ సెంటర్లకూ, వాటి చుట్టూ పుట్టిన జెరాక్స్ షాపులకూ, కర్రీ పాయింట్లకూ మారిపోయి చాలా ఏళ్లయింది. లైబ్రరీలో మీరు పేపరు చదివే బల్ల దగ్గర కూడా ఇప్పుడు చోటు దొరకాలంటే పొద్దున్నే వెళ్లాలి, ఆ పిల్లలు తెల్లవారకముందే వచ్చి సంచీలు పెడతారు. ఇది ఫిర్యాదుగా అనడం లేదు. నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూస్తూ నాలుగేళ్లు ఆ గదుల్లో గడిపే పిల్లల్ని చూస్తే నాకు జాలే. కానీ వాళ్లు మీ పొరుగువాళ్లు కారు, ఏడాదికోసారి మారిపోతారు. రాత్రి రెండింటికి మీకు గుండెలో నొప్పి వస్తే తలుపు కొట్టడానికి మీ వీధిలో ఎన్ని ఇళ్లు మిగిలాయి? ఒక కాగితం మీద పేర్లు రాసి చూడండి. పలకరించేవాళ్లు వేరు, తలుపు తీసేవాళ్లు వేరు. రెండో జాబితాలో నాలుగు పేర్లున్నా మీ వాదనకు బలం ఉంది. ఒక్కటే ఉంటే మీ అబ్బాయి ఆదుర్దాలో న్యాయం ఉంది.

మీ ఉత్తరంలో అసలు మనిషి ఎక్కడుందో వెతికాను. మీ శ్రీమతి గురించి నాలుగు పేజీల్లో మూడుచోట్ల ఉంది. ఒకచోట ‘మోకాళ్ల నొప్పులు’, ఇంకోచోట ‘ఏమీ అనదు’, మూడోది నల్లా నీళ్ల దగ్గర. రోజు విడిచి రోజు నీళ్లు వచ్చే వేళకు ఆవిడ కిందికి దిగి, సంపు మూత తీసి, నిండిందాకా నిలబడి, మోటారు వేసి మళ్ళీ పైకి వస్తుందని రాశారు. మీ పేటలో పాత పద్ధతులు ఇంకా ఎలా బతికి ఉన్నాయో చెప్పడానికి రాశారు దాన్ని. నేను మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోయాను. మోకాళ్లు అరిగిన మనిషి నీళ్ల కోసం దిగుతుంది, కూరల బండి దగ్గరికి దిగుతుంది, గ్యాసు సిలిండరు వచ్చినప్పుడు దిగుతుంది, అబ్బాయిలు గేటు వేయకపోతే దిగుతుంది. దిగినన్ని సార్లూ ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు గోడ పట్టుకుని, ముందు ఏ కాలు పెట్టాలో ఆలోచించుకుని ఎక్కుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లందరూ అలాగే ఎక్కుతారు. మీరు లైబ్రరీ నుంచి వచ్చేసరికి ఇదంతా అయిపోయి ఉంటుంది.

మీ దినచర్య అంత హాయిగా సాగడానికి ఇంట్లో ఒకరు ఉన్నారు. ఆవిడ దినచర్య ఏమిటి? గానసభకు ఆఖరిసారి ఎప్పుడు వచ్చింది? ఆవిడకు ఆ వీధిలో స్నేహితులెవరు? ఎదురింటి వాళ్లు నిజాంపేట వెళ్ళిపోయారని మీరు ఒక్క ముక్కలో రాసి ముందుకు వెళ్లారు, బహుశా ఆవిడకు ఉన్న ఒక్క స్నేహం ఆ ఇంట్లోనే ఉండేదేమో. ‘ఏమీ అనదు’ అంటే ఒప్పుకున్నట్టు కాదు. భర్త ఒకవైపు, కొడుకు ఒకవైపు గట్టిగా నిలబడినప్పుడు మన ఇళ్లలో తల్లులు చేసే పని అదే. ఎటు మాట్లాడినా ఒకరు నొచ్చుకుంటారని నోరు కట్టేసుకుంటారు.

అందుకని మొదట ఆవిడతో కూర్చోండి. ‘నువ్వేమంటావు?’ అని అడగకండి, ‘మీ ఇష్టం’ అంటుంది. ఒక రోజు లైబ్రరీ మానేసి ఇంట్లో ఉండండి. నీళ్లు వచ్చే రోజు అయితే మంచిది. సంపు దగ్గర మీరు నిలబడండి. మాటలు వాటంతట అవే వస్తాయి. వచ్చినవి మీకు నచ్చకపోయినా మధ్యలో అడ్డు తగలకండి. ఆవిడ నల్లగండ్ల వెళ్ళాలనుకుంటే మీరు తట్టుకోగలరా అన్నది తర్వాత చూద్దాం.

దీంతోపాటు రేపే చేయదగిన పని ఒకటుంది. ఇల్లు మీది, కింది భాగమూ మీదే. అబ్బాయిలకు రెండు నెలలు గడువిచ్చి కింది భాగం మీరు తీసుకుని పైభాగం వాళ్లకివ్వండి. అద్దె కాస్త అటూఇటూ కావచ్చు. పిట్టగోడ మీదినుంచి వీధి చూసే సరదా పోతుంది, అరుగు మీద కూర్చుని చూడండి. స్నానాల గదిలో పట్టుకోవడానికి గోడకు కడ్డీలు పెట్టించండి, నేల జారకుండా చేయించండి. పెద్దవాళ్లు అక్కడ జారిపడటం తరచూ జరిగేదే. ఈ మార్పు ఇన్నేళ్లూ మీకు తట్టలేదంటే మెట్లు ఎక్కుతున్నది మీరు కాదు కాబట్టి. మోకాళ్ల గురించి ఎముకల డాక్టరుకు చూపించారా లేదా రాయలేదు. చూపించకపోతే ఈ గొడవ తేలేదాకా ఆగకండి.

ఇక మీ అబ్బాయి. గత వానాకాలం మీరు రాత్రిపూట జారిపడ్డప్పుడు అతను నల్లగండ్ల నుంచి వచ్చేసరికి రెండు గంటలు పట్టిందని, అప్పటినుంచే ఈ పట్టు మొదలైందని మీరే రాశారు. తేదీలు మీరే చెప్పి, కారణం మాత్రం కోడలి మీద వేశారు! మీ ఉత్తరంలో ఆ అమ్మాయి అన్న మాట ఒక్కటి కూడా లేదు. అనుమానం తప్ప ఆధారం లేని చోట ఆమెను వదిలేయండి. ఆ రాత్రి కారులో కూర్చుని, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ఫోను ఎత్తని తండ్రి గురించి మీ అబ్బాయి ఏమేం ఊహించుకుని ఉంటాడో ఒకసారి అడగండి. 2020 అక్టోబరు వరదల్లో హుస్సేన్‌సాగర్ నాలా పక్క వీధులు మునిగినప్పుడు కూడా అతను అక్కడే, మీరు ఇక్కడే. భయపడ్డ మనిషి చాలాసార్లు విసుగ్గా మాట్లాడతాడు.

అయినా అతను రెండు వేర్వేరు సంగతుల్ని ముడేస్తున్నాడు. మీరు ఎక్కడ ఉండాలి అన్నది ఒకటి, ఆ స్థలాన్ని ఏం చేయాలి అన్నది మరొకటి. మొదటిది ప్రేమతో తేల్చుకోవాలి, రెండోది లెక్కలతో. ఫ్లాటు అప్పు గురించి అతను ఏమీ అనలేదంటున్నారు. మీరే అడగండి. కొడుకు వాయిదాలకు ఇబ్బంది పడుతుంటే చేతనైనంత సాయం చేయడానికి ఇల్లంతా పడగొట్టనక్కర్లేదు.

స్థలం సంగతిలో తొందరపడకూడదనడానికి గట్టి కారణాలున్నాయి. మీ సంపాదనతో కొన్న ఆస్తి మీద మీరు బతికుండగా పిల్లలకు హక్కు లేదు, నిర్ణయం మీదే. డెవలప్‌మెంట్ అగ్రిమెంటుతోపాటు బిల్డరు పేరున జీపీఏ, అంటే మీ తరఫున వ్యవహరించే అధికార పత్రం, రాస్తారు. అది రిజిస్టరయ్యాక వెనక్కి రావడం చాలా కష్టం. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా ప్రాజెక్టును రిజిస్టరు చేయించాల్సిన పనిలేదు. మీ 220 గజాలు 200 చదరపు మీటర్లు కూడా రావు. అంటే పని మధ్యలో ఆగిపోతే ఆ చట్టం నుంచి మీకు దొరికే అండ తక్కువ. కట్టినంత కాలం అద్దె ఎవరిస్తారు, ఆలస్యమైతే నెలకు ఎంత, మీ వాటా ఏ అంతస్తు, లిఫ్టు ఏ కంపెనీది వంటివన్నీ కాగితం మీదికి రావాలి. మీ తరఫు లాయరు చూడాలి, బిల్డరు తెచ్చిన లాయరు కాదు. అబ్బాయి పేరున గిఫ్టు డీడు రాయమని ఎవరైనా అంటే ఆగండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలోని 23వ సెక్షను రక్షణ, అంటే పిల్లలు చూసుకోకపోతే ఆస్తి వెనక్కి తీసుకునే వీలు, కావాలంటే, ‘మమ్మల్ని చూసుకోవాలి’ అన్న షరతు ఆ దస్తావేజులో స్పష్టంగా ఉండాలి. నన్నడిగితే వీలునామా చాలు, దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. పుణె అమ్మాయికి కూడా ఈ సంగతులన్నీ ఫోనులో చెప్పండి. ‘మీ ఇష్టం’ అనే పిల్లలు తర్వాత కష్టపెట్టుకోవడం నేను చాలా చూశాను.

నల్లగండ్లను మీరు ఒక్క రాత్రి కూడా ఉండకుండానే కొట్టిపారేశారు, అదీ బాగాలేదు. గృహప్రవేశానికి వెళ్లి సాయంత్రానికి వచ్చేశారు. ఇద్దరూ రెండు నెలలు ఉండి చూడండి. ఇక్కడ మీరుండే భాగానికి తాళం వేయండి, అద్దెకివ్వకండి. చుట్టాల్లా కాకుండా కాపురానికి వెళ్లినట్టు వెళ్లండి: మీ పేపరు, మీ కుర్చీ, ఆవిడ పోపులపెట్టె వెంట ఉండాలి. పొద్దున్నే కిందికి దిగి నడవండి. అంత పెద్ద అపార్టుమెంట్లలో మీలాగే ఊళ్లనుంచీ పాత పేటలనుంచీ వచ్చి, మాట్లాడేవాళ్లు లేక బెంచీల మీద కూర్చునే పెద్దలు డజన్లకొద్దీ ఉంటారు. వాళ్లలో ఒక్కరైనా శ్రుతి గురించి వాదించేవారు దొరక్కపోరు. గానసభలో మంచి కార్యక్రమం ఉన్న రోజు మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారండి. 2020 ఫిబ్రవరి నుంచి ఆ లైను చిక్కడపల్లికి వస్తోంది. ఆవిడకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కూడాను. రెండు నెలల తర్వాత ఇద్దరూ విడివిడిగా మీ అభిప్రాయం అబ్బాయికి చెప్పండి. ఆవిడ అభిప్రాయం మీరు చెప్పకూడదు.

అక్కడా కుదరక, ఇక్కడా కష్టమైతే మూడో దారి ఉంది. మీ పేటలోనే లిఫ్టు ఉన్న అపార్టుమెంటులో చిన్న ఫ్లాటు అద్దెకు తీసుకుని, ఇల్లు మొత్తం అద్దెకివ్వవచ్చు. ఆలోచించి పెట్టుకోండి.

మీరు బాగా కుంగిపోయినట్టు అనిపించిన రోజున ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. వృద్ధుల కోసం 14567 కూడా ఉంది. సిగ్గుపడే విషయం కాదు.

అన్నిటికన్నా ముందు ఆ చెక్కు సంగతి చూడండి. మీరు సంతకం పెట్టలేదు, బ్యాంకులో వేయలేదు, అయినా మీ బీరువాలో ఉంది. అది అక్కడ ఉన్నంతకాలం బిల్డరు వారానికోసారి మీ అబ్బాయికి ఫోను చేస్తూనే ఉంటాడు, మీ అబ్బాయి మీకు చేస్తాడు. ఈ వారమే అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లి తిరిగి ఇచ్చేయండి, ఇచ్చినట్టు ఒక కాగితం రాయించుకోండి. వచ్చేటప్పుడు అతన్ని మీ టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టండి. మళ్ళీ నాకు ఉత్తరం రాయాలనిపిస్తే, ఈసారి మీ శ్రీమతి చేత రాయించండి.